పేరు ఎవరిది? కాయకము ఎవరిది?

శరణ కుటుంబములకు వ్యాపారము కొత్త విషయము కాదు. పొలము గలవారు పొలమును, అంగడి గలవారు అంగడిని తరతరములుగా నడుపుకొనుచు వచ్చినారు. అయినను చదువు ముగించిన కుమారుడో, నగరమున ఉద్యోగము విడిచి వచ్చిన అల్లుడో ఏదేని వ్యాపారము పెట్టెదనని ఇంట పలికినప్పుడు, నేడు పెద్దలకు ఎదురగుచున్న ప్రశ్న తాతల కాలమున లేనిది. పేరు మోసిన ఒక సంస్థకు సొమ్ము చెల్లించి, దాని పేరును, దాని పద్ధతిని, దాని సరుకును తెచ్చుకొని అంగడి తెరచుట ఒక మార్గము. దీనిని ఫ్రాంచైజీ అనుచున్నారు. ఎవరి పేరును అరువు తెచ్చుకొనక, తన చేతిపనిని నమ్ముకొని చిన్నదిగా మొదలుపెట్టుట రెండవ మార్గము.

దీనిని కేవలము లెక్కల ప్రశ్నగా చూచువారు కలరు. లెక్క తప్పక చూడవలసినదే. లెక్క చూడని భక్తి ఇంటిని వీధిలో నిలుపును. కాని బసవేశ్వరుని మార్గమున నడువదలచిన గృహస్థునకు ఇందులో మరియొక ప్రశ్న కూడ దాగియున్నది. అది కాయకమునకు సంబంధించినది.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున చేరిన శరణుల నామములను ఒకపరి తలచుకొనుడు. మడివాళ మాచయ్య బట్టలుతికెను. అంబిగర చౌడయ్య పడవ నడిపెను. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. మేదర కేతయ్య బుట్టలల్లెను. మోళిగె మారయ్య కట్టెలమోపు మోసి అమ్మెను. వీరందరి విషయమున ఒక విశేషము కలదు. వృత్తి నామమునకు ముందు నిలిచియున్నది. పేరు పలికినంతనే పని తెలియును, పని చూచినంతనే మనిషి గుర్తుకు వచ్చును. త్రాడు తెగినచో చందయ్యనే అడుగవలెను, పడవ మునిగినచో చౌడయ్యయే బదులు చెప్పవలెను. పని చేసిన చేతికే పేరు దక్కెను. పేరు గలవాడే పనికి పూచీ వహించెను. కాయకమునందు పేరును, చేతిని వేరుచేయుటకు తావులేదు.

ఫ్రాంచైజీ వ్యాపారము సరిగా ఈ రెంటిని వేరుచేయుటపైననే నిలిచియున్నది. పేరు ఒకరిది, చేయి మరియొకరిది. బోర్డు మీది పేరు గలవాడు ఏనాడును ఆ పొయ్యి ముందు నిలువడు. పొయ్యి ముందు నిలుచువాని పేరు ఆ వీధిలో ఎవరికిని తెలియదు.

అంతమాత్రమున అది అధర్మమని త్రోసివేయుట తొందరపాటు. ఒకరి యొద్దనుండి స్వీకరించుట వీరశైవమున తక్కువ పని కాదు. ఇష్టలింగమును భక్తుడు తానుగా తెచ్చుకొనడు, దీక్షా సమయమున గురువు చేతినుండియే పొందును. విధానమును కూడ గురువే నేర్పును. కనుక తెలిసినవాని యొద్ద నేర్చుకొనుట, వాని నియమమునకు లోబడుట శరణ మార్గమునకు విరుద్ధము కాదు. భేదము ఆ తరువాతి సంగతిలో నున్నది. లింగము కరస్థలమున నిలిచిన పిమ్మట పూజ భక్తునిదే. అతని బదులు మరియొకరు పూజింపలేరు, అతనికిని లింగమునకును నడుమ నిలువలేరు. భక్తుడు ఏనాడైన పూజ చేసికొన్నందులకు ఇంత అని గురువు లెక్క వ్రాసికొనడు. (మఠమునకు భక్తితో సమర్పించు కానుక మాట వేరు. దానికి శాతములు లేవు.) నేర్పి విడుచుట గురుధర్మము. నేర్పి విడువకుండుట వర్తక ధర్మము. వర్తకునికి అది తప్పు కాకపోవచ్చును గాని, ఒప్పందముపై సంతకము చేయువాడు ఈ రెంటిని ఒకటిగా భ్రమింపరాదు.

తెలుగు శరణులకు ఇందుకు దగ్గరి నిదర్శనము పాల్కురికి సోమనాథుడు. ఆయన 13వ శతాబ్దమున బసవని చరిత్రను తెలుగువారికి అందించెను. విషయము కల్యాణమునుండి వచ్చినది, భక్తి బసవనినుండి వచ్చినది. నాడు పండితులు మెచ్చు మార్గము వేరుగా నుండెను. సంస్కృత సమాసములతో నిండిన చంపూ కావ్యమునకే సభలలో గౌరవము. ఆ పేరున్న మార్గమును పట్టినచో మర్యాద సులభముగా దక్కెడిది. సోమనాథుడు దానిని విడిచి, సామాన్య జనులు పాడుకొను ద్విపదను, జాను తెనుగును ఎన్నుకొనెను. 1369లో భీమకవి ఆ బసవపురాణమును కన్నడమునకు తీసికొనిపోయెను. స్వీకరించిన దానిని తన చేతితో మలచినందుననే, కల్యాణమునుండి వచ్చిన కథ కన్నడ దేశమునకే తిరిగి వెళ్లగలిగినది.

ఇక ఫ్రాంచైజీ పుట్టుపూర్వోత్తరములను కొంత తెలిసికొనుట మంచిది. ఇది ప్రధానముగా అమెరికా దేశమున పెరిగిన పద్ధతి. 19వ శతాబ్దమున సింగర్ కుట్టుయంత్రములు ఇట్టి ఏర్పాటుతోనే ఊరూరికి చేరినవి. భోజనశాలల విషయమున అందరు ఎరిగిన కథ మెక్‌డొనాల్డ్ సోదరులది. రిచర్డ్, మారిస్ అను ఆ అన్నదమ్ములు కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో భోజనశాల నడుపుచు, 1948లో వంటకముల సంఖ్య తగ్గించి, వడ్డనను యంత్రమువలె వేగముగా జరుగునట్లు దిద్దిరి. రే క్రాక్ అను వర్తకుడు వారి పద్ధతిని చూచి, వారి అనుమతితో 1955లో ఇల్లినాయ్ రాష్ట్రమున తన మొదటి శాఖను తెరచెను. 1961లో వారి హక్కులనన్నిటిని 27 లక్షల డాలర్లకు కొనివేసెను. సోదరులు తమ మొదటి అంగడిని మాత్రము ఉంచుకొనిరి. కాని దానిపై తమ ఇంటిపేరును వ్రాసికొను హక్కు వారికి లేకపోయెను. బోర్డు మార్చుకొనవలసి వచ్చెను. ఆ పేరును పుట్టించినవారికే ఆ పేరు పరాయిదైనది. పేరు అనునది అమ్ముడుపోవు సరుకైన నాడు ఎంత దూరము పోగలదో చెప్పుటకు ఇంతకంటె వేరు కథ అవసరము లేదు.

ఈ దేశమున, అందులోను శరణుల నేలయందు, ఒకే పేరుతో అనేక అంగళ్లు నడచు వేరొక పద్ధతి కలదు. దానిని ఎవరును గొప్పగా చెప్పుకొనలేదు. కలబురిగి, విజయపుర, బాగలకోటె, హుబ్బళ్లి, ధారవాడ ప్రాంతములలో తిరిగినవారికి బసవేశ్వర ఖానావళి అను బోర్డు కనబడని పట్టణము ఉండదు. లింగాయత ఖానావళి అనియు వ్రాయుదురు. లోన శుద్ధ శాకాహారము. చేతితో తట్టిన జొన్నరొట్టె, చలికాలమున సజ్జరొట్టె, గుత్తి వంకాయ, పప్పుకూర, పచ్చి ఉల్లి, వేరుశనగ పొడి, గురెళ్ల పొడి, పెరుగు. ఒక ఖానావళికిని మరియొక ఖానావళికిని ఏ సంబంధము లేదు. పేరు వాడుకొన్నందులకు ఎవరును ఎవరికిని పైకము చెల్లింపరు. ఆ పేరునకు యజమాని లేడు. ఎవరి పొయ్యి వారిది, ఎవరి నష్టము వారిది. అయినను బాటసారి ఆ బోర్డు చూచి నిస్సంశయముగా లోనికి పోవును. మాంసము తగులదనియు, రొట్టె వేడిగా వచ్చుననియు అతనికి నమ్మకము. ఆ నమ్మకమును ఏ సంస్థయు ప్రకటనలతో సంపాదించలేదు. తెలతెలవారక ముందే లేచి పిండి కలిపిన వేలకొలది చేతులు సంపాదించినవి.

ఈ ఏర్పాటున లోపము లేదని చెప్పరాదు. పేరునకు యజమాని లేనందున అడుగువాడును లేడు. నిన్నటి కూరను నేడు వడ్డించువాడు కూడ బసవేశ్వరుని పేరే వ్రాసికొనవచ్చును. ఫ్రాంచైజీ సంస్థ అయినచో తనిఖీకి మనిషిని పంపును, తప్పు చేసినవాని బోర్డు దింపించును. మహాత్ముని పేరు ఉచితముగా దొరకినదని తేలికగా వాడుకొనుట, రాయల్టీ ఎగవేసిన దానికంటె పెద్ద అపచారము.

ఈ విచారమంతయు గాలిలో నిలువక నేలపై నిలుచుటకు ఒక కుటుంబమును ఊహించుకొనుడు. ఊరు తాండూరు అనుకొనుడు. నాపరాయికిని, కందులకును పేరుపొందిన ఆ పట్టణమున తండ్రి ఒకరి రాతి పాలిషు యూనిట్లో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినాడు. ఉన్న ఆస్తి ఒక ఇల్లు, అదియు తల్లి పేర నున్నది. కుమారునకు 27 ఏండ్లు. హైదరాబాదులో ఐదేండ్లు ఉద్యోగము చేసి వచ్చినాడు. టీ, ఫలహారములు అమ్ము ఒక సంస్థ ఫ్రాంచైజీ తీసికొమ్మని తండ్రి అభిప్రాయము. పేరున్న అంగడి మునుగదని ఆయన నమ్మకము. బస్టాండు దగ్గర జొన్నరొట్టెల ఖానావళి పెట్టవలెనని కుమారుని కోరిక. యువకులు కొత్తదానిని, వృద్ధులు పాతదానిని కోరుదురని లోకము అనుకొనును. ఇక్కడ తలక్రిందులైనది. నిజ జీవితమున ఇట్లే తరచుగా జరుగును, ఏలయనగా తండ్రికి కావలసినది భద్రత.

తండ్రి నమ్మిన భద్రత ఎంతదో లెక్క వేయవలెను. ఈ క్రింది అంకెలు ఉదాహరణమునకు మాత్రమే. నెలకు మూడు లక్షల రూపాయల అమ్మకము జరిగినదనుకొనుడు. సరుకు, బాడుగ, జీతములు, కరెంటు పోగా 45,000 మిగిలినదనుకొనుడు. ఒప్పందము ప్రకారము రాయల్టీ 6 శాతము, ప్రకటనల నిధి 2 శాతము అయినచో, 18,000 మరియు 6,000 కలిసి 24,000 సంస్థకు పోవును. దానిపై 18 శాతము జి.ఎస్.టి. 4,320. మొత్తము 28,320. చేతికి వచ్చునది 16,680. సామాన్యముగా వ్యాపారి తాను చెల్లించిన పన్నును లెక్కలో తిరిగి పొందవచ్చును. కాని 2017 నవంబరు నుండి భోజనశాలలు సాధారణముగా 5 శాతము పన్ను పద్ధతిలో నున్నవి, ఆ పద్ధతిలో కొనుగోళ్లపై కట్టిన పన్ను తిరిగి రాదు. కనుక ఆ 4,320 కూడ ఖర్చే. ఈ సంగతిని సంస్థ ఏజెంటు సామాన్యముగా చెప్పడు. అడుగవలసినవాడు అడుగవలెను.

అమ్మకము రెండు లక్షలకు పడిపోయిన నెలను చూడుడు. బాడుగ తగ్గదు, జీతములు తగ్గవు. మిగులు 15,000 మాత్రమే యనుకొనిన, సంస్థకు పన్నుతో కలిపి 18,880 చెల్లింపవలెను. అనగా 3,880 ఇంటినుండి తెచ్చి కట్టవలెను. దీనికి కారణమొక్కటే. రాయల్టీని లాభముపై లెక్కింపరు, అమ్మకముపై లెక్కింతురు. అమ్మకము జరిగినంత కాలము సంస్థకు నష్టము లేదు. నష్టమంతయు ఇవతలివానిది. మొదట కట్టిన ప్రవేశ రుసుము, అంగడిని సంస్థ చెప్పిన రంగులతో, చెప్పిన కుర్చీలతో తీర్చుటకైన ఖర్చు ఈ లెక్కలో చేరనేలేదు.

కుమారుని ఖానావళి లెక్క మాటయేమి? అతనికి రాయల్టీ లేదు. దాని బదులు తప్పులు కలవు. పిండి ఎంత కలుపవలెనో తెలియక మిగిలినది పారబోయుట, కట్టెల ధర పెరిగిన నాడు పళ్లెము ధర పెంచుటకు జంకుట, రొట్టెలు తట్టు స్త్రీలు పండుగకు ఊరికి పోయిన నాడు అంగడి మూయుట. మొదటి సంవత్సరమంతయు ఇవియే అతడు చెల్లించు రాయల్టీ. వీటిని కాగితముపై ఎవరును వ్రాసియీయరు గనుక అవి లేవని భ్రమించుట యువకుల పొరపాటు. సొంత వ్యాపారమున మరియొక ఉచ్చు కూడ కలదు. ఇంటింటికి భోజనము చేరవేయు సంస్థలపైననే సగము అమ్మకము నిలుపుకొన్నవాడు, వారు కోరిన కమీషను ఇచ్చుచు, వారు చెప్పిన తగ్గింపులు ప్రకటించుచు, పేరునకు మాత్రమే స్వతంత్రుడు. బోర్డు తనదైనంత మాత్రమున కాయకము తనది కాదు.

చట్టము విషయమున భారతదేశమునకును అమెరికాకును గొప్ప వ్యత్యాసము కలదు. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మువాడు సంతకమునకు కనీసము 14 దినముల ముందు 23 అంశములతో కూడిన వివర పత్రమును కొనువానికి ఈయవలెను. సంస్థపై నున్న వ్యాజ్యములు, మొత్తము పెట్టుబడి అంచనా, విడిచిపోయినవారి వివరములు అందు ఉండును. 1979 నుండి అక్కడ ఇట్టి నియమము అమలులో నున్నది, 14 దినముల గడువు తరువాతి సవరణతో వచ్చినది. భారతదేశమున ఫ్రాంచైజీకై ప్రత్యేక చట్టము లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము మొదలగు సాధారణ చట్టములే శరణ్యము. కాంట్రాక్టు చట్టము 27వ సెక్షను ప్రకారము ఒకనిని వ్యాపారము చేయరాదని కట్టివేయు ఒప్పందము సామాన్యముగా చెల్లదు. అయితే ఒప్పందము నడచుచున్న కాలమున పోటీ సరుకు అమ్మరాదను షరతు చెల్లునని సుప్రీంకోర్టు 1995లో కోకాకోలా, గుజరాత్ బాట్లింగ్ కంపెనీల వ్యాజ్యమున చెప్పినది. అనగా తాండూరు యువకుడు ఐదేండ్ల ఒప్పందముపై సంతకము చేసిన పిమ్మట, నడుమ మనసు మారి ఎదుటి వీధిలో తన పేరుతో టీ అంగడి పెట్టుటకు వీలుండదు.

కొనువానికి చట్టము వివరములు తెచ్చి ఈయనప్పుడు, కొనువాడే వెదకి తెచ్చుకొనవలెను. ఆ సంస్థ అంగళ్లు నడుపుచున్న నలుగురైదుగురిని, అంతకంటె ముఖ్యముగా నడిపి మూసినవారిని కలిసి మాటాడవలెను. ఏజెంటు చూపిన అంగడికి మాత్రమే పోయి వచ్చుట, పెండ్లికొడుకు ఇంటివారు చూపిన గదినే చూచి వచ్చినట్లు. తన ఊరిలోనే సంస్థ మరియొకనికి అంగడి ఇచ్చునా, కట్టిన డిపాజిట్ ఎప్పుడు తిరిగి వచ్చును, వివాదము వచ్చినచో ఏ ఊరి న్యాయస్థానమునకు పోవలెను అను మూడు సంగతులను కాగితముపై చూడనిదే బయానా ఈయరాదు.

ఇక లింగాయత కుటుంబమునకు ప్రత్యేకమైన సంగతి ఒకటి కలదు. లెక్కల నిపుణులు దీనిని తలపరు. ఫ్రాంచైజీ అంగడిలో ఏమి వండవలెను, ఏమి అమ్మవలెను అనునది సంస్థ నిర్ణయము. నేడు శుద్ధ శాకాహారమైన పట్టిక రేపు అట్లే ఉండునను హామీ ఏది? ఒప్పందమున రెండవ సంవత్సరమున గ్రుడ్డు చేర్చిన తినుబండారములు, మూడవ సంవత్సరమున మాంసపు పదార్థములు పట్టికలో చేర్చినచో, మెడలో లింగము ధరించినవాడు ఏమి చేయవలెను? అమ్మనన్నచో ఒప్పందము ఉల్లంఘించినవాడగును, డిపాజిట్ పోవును, వ్యాజ్యము వచ్చును. అమ్మినచో ప్రతిదినము ఉదయము లింగపూజ చేసిన చేతితోనే దానిని వడ్డింపవలెను. టీ అంగళ్లలో సిగరెట్ల సంగతియు ఇట్టిదే. ఇట్టి స్థితిలో పడినవారు తమకు తాము చెప్పుకొను సమాధానము ఒక్కటే, అంగడి తనది కాదు, సంస్థది, తాను నడుపువాడు మాత్రమే అని. ఈ సమాధానమే అసలు ప్రమాదము. చేయి తనదై, పాపము మాత్రము పరులదని చెప్పుకొనుటకు కాయక సిద్ధాంతమున ఎక్కడను చోటు లేదు. శాకాహారమునకు కట్టుబడియున్న సంస్థలు లేకపోలేదు. అట్టివానితోనైనను ఆ మాటను ఒప్పందమున వ్రాయించుకొనుట అవసరము. వ్రాయుటకు సంస్థ అంగీకరింపనిచో, ఆ అంగీకరింపకపోవుటయే జవాబు.

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ అందరు వినినదే. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన గింజలను మారయ్య ఏరి తెచ్చును, లక్కమ్మ వండును, జంగమ దాసోహము జరుగును. ఒకనాడు అతడు అలవాటుకు మించి తెచ్చెను. లక్కమ్మ చూచి, ఇది అవసరమునకు మించినదని నిలదీసి, తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను. ఈ కథను దురాశ కూడదను నీతికి మాత్రమే సామాన్యముగా చెప్పుచుందురు. వ్యాపార నిర్ణయమునకు ఇందులో మరి రెండు సంగతులు కలవు.

మొదటిది, ఎంత చాలునను ప్రశ్న వేసినది ఇంటి ఇల్లాలు. తాండూరు కుటుంబమున బ్యాంకువారు ఇంటి పత్రములు అడిగినారనుకొనుడు. ఇల్లు తల్లి పేర నున్నది. సంతకము ఆమెదే కావలెను. తండ్రియు కొడుకును వారముల తరబడి వాదించుకొన్నారు గాని, ఆమెను ఒక్కమాట అడుగలేదు. తీరా కాగితము ముందు పెట్టినప్పుడు ఆమె, "అంగడి మూతబడితే మనమెక్కడ ఉంటం బిడ్డా?" అని అడుగును. ఇది భయస్తురాలి మాటగా తోచును గాని, ఆ ఇంట అంతవరకు ఎవరును వేయని సరియైన ప్రశ్న అదియే. లక్కమ్మ పేరు తలచు ఇండ్లలో ఈ ప్రశ్న మొదటనే వినబడవలెను. నిజమునకు చిన్న వ్యాపారమునకు ఇల్లు తాకట్టు పెట్టకయే అప్పు దొరకు మార్గములు కలవు. 2015లో ఆరంభమైన ముద్రా పథకమున పది లక్షల వరకు పూచీకత్తు లేని ఋణము ఇచ్చెదరు, ముందటి ఋణమును సక్రమముగా తీర్చినవారికి 2024లో ఆ పరిమితిని ఇరువది లక్షలకు పెంచినారు. పది లక్షలలో ఖానావళి పొయ్యి వెలుగును. పెద్ద సంస్థల ఫ్రాంచైజీలు అనేకము ఆ సొమ్మునకు దొరకవు. తల్లి ప్రశ్నకు ఇది కూడ ఒక జవాబు.

రెండవది, మారయ్య తన రాబడికి తానే హద్దు గీసికొనగలిగెను. వెనుకకు పోయి గింజలు పోసి రాగలిగెను. నెలకు ఇంత అమ్మవలెనని పైవాడు లక్ష్యము విధించినప్పుడు ఆ స్వేచ్ఛ ఉండదు. శ్రావణమాసమున ఇంట పూజలున్నవని మధ్యాహ్నము అంగడి మూసికొందునన్నచో సంస్థ ఒప్పుకొనదు, బసవ జయంతి నాడు ఉచితముగా అంబలి పోయుదునన్నచో అది లెక్కలోనికి రాదు. దాసోహమునకు తావీయని కాయకము సగము కాయకమే. ఫ్రాంచైజీ తీసికొనువాడు దాసోహము చేయలేడని దీని భావము కాదు. తన చేతికి వచ్చిన 16,680లోనుండి అతడును చేయగలడు. అయితే అంగడి ముంగిట కాక, ఇంటి ముంగిట చేయవలసి వచ్చును.

ఇట్లని ఫ్రాంచైజీ ఎవరికిని తగదనరాదు. ఏ చేతిపనియు రానివాడు, లెక్క పత్రములయందు నిదానము గలవాడు, ఒకరి నియమమునకు లోబడి నడుచుటకు సిద్ధపడినవాడు, పోయినను ఇల్లు కదలని సొంత సొమ్ము గలవాడు దానిని తీసికొనవచ్చును. నియమము లేని స్వతంత్రుని కంటె నియమము గల అస్వతంత్రుడు ఆ ఐదేండ్లలో ఎక్కువ నేర్చుకొనును. నిలువ సరుకును లెక్కించుట, వంటయింటి శుభ్రత, పనివారికి నెల మొదటి తేదీననే జీతమిచ్చుట, ఇవి నేర్చుకొని వచ్చినవాడు ఒప్పందము తీరిన పిమ్మట తన బోర్డు తాను కట్టుకొన్నచో, కట్టిన రాయల్టీని గురుదక్షిణగా భావింపవచ్చును. అట్లు కాక, పని చేయకయే కూర్చుండి తినవచ్చునను ఆశతో ఫ్రాంచైజీ కొనువారే ఎక్కువ. మేనేజరును పెట్టి తాను దూరముగా నుండి రాబడి అందుకొనవచ్చునని ప్రకటనలు వచ్చుచున్నవి. అది కాయకము కాదు, చందయ్య త్రాడును మరియొకనిచేత పేనించి, వచ్చినది తాను తీసికొనుట.

కనుక తాండూరు యువకుడు ఈ రెంటిలో ఏదియు నేడే తేల్చుకొననక్కరలేదు. ముందు తేలవలసినది అతని చేతులకు పని వచ్చునా రాదా అనునది. ఐదేండ్లు కంప్యూటరు ముందు కూర్చున్నవాడు నూరుమందికి రొట్టె ఎంత పిండితో అగునో చెప్పలేడు. కలబురిగి తాండూరునకు దూరము కాదు. రైలు మార్గము కలదు. అక్కడ ఏదేని ఖానావళిలో ఆరు మాసములు జీతము తక్కువైనను పనికి కుదిరినచో, తెల్లవారుజామున లేవగలనో లేదో, ఆకలిగొన్నవాడు విసుగుకొన్నప్పుడు ఓర్చుకొనగలనో లేదో తెలిసిపోవును. టీ సంస్థ అంగడిలో కూడ ఇట్లే పనిచేసి చూడవచ్చును. ఆరు మాసములలో ఏజెంటు చెప్పిన గడువు దాటిపోవునని తండ్రి కంగారుపడును. దాటిపోనిండు. ఈ వారమే బయానా ఈయవలెననియు, లేనిచో మరియొకరు తన్నుకొనిపోవుదురనియు తొందరపెట్టుట సరుకు అమ్ముకొనువాని పద్ధతి.

ఇందు మఠముల పాత్ర కూడ కలదు. తుమకూరులోని సిద్ధగంగా మఠమున ప్రతిదినము వేలమంది విద్యార్థులకు భోజనము జరుగుచున్న సంగతి లోకప్రసిద్ధము. 2019లో లింగైక్యము చెందిన శివకుమార మహాస్వామివారి కాలమున ఆ దాసోహము దేశమునకే ఆదర్శమైనది. అంత పెద్దది కాకున్నను, తెలుగునాట కూడ మఠములలో జాతరలకు, ఉత్సవములకు పెద్ద పొయ్యిలు వెలుగుచునే యున్నవి. ఆ వంటయిండ్లలో భక్తులు సేవ చేయుదురు గాని, ఆ సేవను ఒక విద్యగా నేర్పు ఏర్పాటు అరుదు. బియ్యము కొనునప్పుడు ధర ఎట్లు కట్టుదురు, కూరగాయలు ఎట్లు మిగులకుండ తెప్పింతురు, వేయిమందికి వడ్డించుచు శుభ్రత ఎట్లు నిలుపుదురు అనునవి ఏ సంస్థయు లక్షలు పుచ్చుకొని నేర్పు సంగతులే. మఠములలో అవి వంటవారి నోట నుండి, ఎవరును అడుగకనే, వారితోనే పోవుచున్నవి. వ్యాపారము పెట్టదలచిన యువకులను ఒక్క ఉత్సవ కాలమైనను ఆ వంటయింటి పెద్దకు అప్పగించి, లెక్కల పుస్తకము కూడ వారి ముందు తెరచినచో, దాసోహమునకు మనుషులు దొరకుదురు, యువకులకు విద్య దొరకును. వారిలో ఎవరైనను తరువాత అంగడి తెరచిన తొలి రెండేండ్లు మఠము వారి నుండి విరాళము అడుగకుండుట కూడ మంచిది. అప్పు తెచ్చిన పెట్టుబడినుండి తీసి ఇచ్చు కానుక వలన ఇచ్చినవాడును నిలువడు, పుచ్చుకొన్న మఠమునకును అది రెండవసారి రాదు.